గార్నెట్ తిరిగిందా, చుట్టూ ఉన్న రాయి తిరిగిందా?

రాతిలోని రేణువుల అమరికను చూసి ఆ రాయి ఎలా నలిగిందో, సాగిందో చదివే విద్య చరిత్ర, పలకరాయి పలుచని రేకులుగా ఎందుకు చీలుతుందన్న ప్రశ్నతో మొదలైంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ రాతిని వెలుతురు చొరబడేంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. కొండలను సూక్ష్మదర్శినితో చూడడమేమిటని నవ్వినవారు లేకపోలేదు. ఒత్తిడికి అభ్రకపు రేణువులన్నీ ఒకే దిశకు ఒరిగిపోయాయని, అందుకే రాయి ఆ వాటంగా చీలుతోందని ఆయన 1853లో వాదించాడు.

రేణువుల సాక్ష్యాన్ని తప్పుగా చదివిన సందర్భాలూ ఉన్నాయి. స్కాట్లాండ్ ఉత్తరాన మోయిన్ భ్రంశం (భూపొరలు తెగి జరిగిన చీలిక) వెంట కనిపించే సన్నని పట్టీల రాతికి 1885లో చార్లెస్ లాప్‌వర్త్ మైలోనైట్ అని పేరు పెట్టాడు. అది నలిగి పిండైన రాయని ఆయన అభిప్రాయం. ఇలాంటి రాళ్లలో క్వార్ట్జ్ అనే ఖనిజం విరగలేదని, సాగిందని, పెద్ద రేణువులే చిన్నవిగా మళ్లీ స్ఫటికీకరణ చెందాయని తర్వాత తేలింది. క్వార్ట్జ్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వద్ద సాగడం మొదలుపెడుతుంది. మరో ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌కు అంతకంటే నూరు డిగ్రీలకు పైగా ఎక్కువ వేడి కావాలి. ఒకే రాతిలో మొదటిది సాగి రెండోది పగిలి ఉంటే, విరూపణ (ఒత్తిడికి రాయి రూపం మారడం) నాటి ఉష్ణోగ్రతను ఉజ్జాయింపుగా చెప్పవచ్చు.

అసలు వివాదమంతా గార్నెట్ అనే ఖనిజం చుట్టూ నడిచింది. గార్నెట్ పెరిగేటప్పుడు పక్కనున్న చిన్న రేణువులను మింగి, వాటి వరుసను తనలో పదిలపరుస్తుంది. ఆ వరుస తిన్నగా ఉండి బయటి పొరలతో కలవకపోతే, గార్నెట్ పాత విరూపణ తర్వాత, కొత్తదానికి ముందు పెరిగిందన్నమాట. ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య ఉన్న పైరనీస్ పర్వతాల్లోని బోసోస్ట్ ప్రాంతంలో భూవిజ్ఞాని జ్వార్ట్ 1960ల తొలినాళ్లలో ఇదే తర్కంతో ఖనిజాల పెరుగుదలనూ విరూపణ దశలనూ జతపరిచాడు.

కొన్ని గార్నెట్‌లలో మాత్రం ఆ వరుస సుడి తిరిగి ఉంటుంది. మంచు ఉండలా దొర్లుతూ పెరగడమే దానికి కారణమని దశాబ్దాలపాటు ఎక్కువమంది నమ్మారు. అమెరికాలోని వెర్మాంట్ గార్నెట్‌లపై 1989లో వచ్చిన రుబీడియం–స్ట్రాన్షియం కాలనిర్ణయం (ఆ మూలకాల పాళ్లను బట్టి వయసు కట్టడం), వాటి పెరుగుదలకు సుమారు కోటి సంవత్సరాలు పట్టిందని లెక్కగట్టింది. అంత నిదానంగా ఏమి దొర్లుతుంది?

దొర్లనే లేదని ఆస్ట్రేలియాకు చెందిన భూవిజ్ఞాని టిమ్ బెల్ 1985లోనే అడ్డం తిరిగాడు. గార్నెట్ కదలకుండా నిలిచి ఉండగా, ఒకదానికొకటి దాదాపు లంబంగా వచ్చిన పొరలను వరుసగా మింగడం వల్ల సుడి ఏర్పడిందని ఆయన వాదన. 1992లో భూవిజ్ఞాని పాషియర్ బృందం గెలీలియోకు ఆపాదించే ‘అయినా అది తిరుగుతోంది’ అన్న మాటను ప్రశ్నార్థకంతో తమ వ్యాసానికి శీర్షికగా పెట్టి బదులిచ్చింది. ఆ బృందంలో జ్వార్ట్ కూడా ఉన్నాడు.

బెల్‌ను మొండివాడని కొట్టిపారేయలేం. సుడి చెప్పేది సాపేక్ష భ్రమణాన్ని మాత్రమే. ఎవరు తిరిగారో తేలాలంటే గార్నెట్‌కు వెలుపల ఒక స్థిరమైన ఆనవాలు కావాలి. పైగా రాతిని ఏ దిశలో కోశామన్నదాన్నిబట్టి అదే సుడి వేరే ఆకారంలో కనబడుతుంది. అందుకే ఒకే నమూనాను పలు దిశల్లో కోసి చూస్తారు, లేదా ఎక్స్‌రే టోమోగ్రఫీతో కోయకుండానే త్రిమితీయంగా పరిశీలిస్తారు.