పచ్చదనం పోగొట్టుకున్న నాచు

అనంతపురంలో కుక్కకు విరేచనాలు పట్టుకుంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నట్టల మందు. అది సరైన ఆలోచనే. కొంకి పురుగులు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి, పాడైన తిండి: ఎక్కువ సందర్భాల్లో కారణం వీటిలోనే దొరుకుతుంది. కానీ నట్టల మందు, విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ అయిపోయి, తిండి మార్చి చూసినా మూడు వారాలు దాటి జిగురు, ఎర్రటి నెత్తురు పడుతూనే ఉంటే, పశువైద్యులు తలచుకోవలసిన అరుదైన పేరు ఒకటుంది: ప్రోటోథీకా.

ఇది బాక్టీరియా కాదు, వైరస్ కాదు, పురుగూ కాదు. నాచు! నీళ్లను పచ్చగా మార్చే క్లోరెల్లాకు దగ్గరి బంధువు. ఎప్పుడో పత్రహరితాన్ని పోగొట్టుకుని, ఎండతో ఆహారం చేసుకోవడం మాని, కుళ్లే పదార్థాల మీద బతకడానికి అలవాటుపడింది. హరితరేణువు అవశేషం మాత్రం దాని కణంలో ఇప్పటికీ ఉంది. 1894లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్రూగర్ చెట్ల నుంచి కారే జిగురు రసంలో కనుగొని దీన్ని వర్ణించాడు.

వానలే అంతంతమాత్రమైన జిల్లాలో నాచుకేం పని అనిపించవచ్చు. దీనికి చెరువు అక్కర్లేదు. మురుగు కాలువ, పేడ కలిసిన తడి నేల, కడగని తొట్టి అడుగున పేరుకున్న జిగురు చాలు. నడివేసవిలోనూ ఆరనివి అవే, దాహమేసిన కుక్క మూతి పెట్టేదీ అక్కడే. పాడి పశువుల్లో పొదుగువాపు తెచ్చే ప్రోటోథీకా జాతి కూడా ఉంది.

నాచు కడుపులోకి పోయిన ప్రతి కుక్కకూ జబ్బు రాదు. వచ్చినప్పుడు ఎక్కువగా పెద్దపేగులో మొదలవుతుంది. కుక్క మాటిమాటికీ ముక్కుతుంది, కొంచెం కొంచెంగా జిగురు, నెత్తురు పోతుంది. తర్వాత ఆ నాచు రక్తంలో కలిసి కళ్లకు, మెదడుకు, మూత్రపిండాలకు పాకుతుంది. విరేచనాలతో బాధపడుతున్న కుక్క ఉన్నట్టుండి గోడలకు గుద్దుకుంటుంటే, చూపు పోయిందని అర్థం. ఈ రెండు లక్షణాలు కలిసి కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు.

పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. మలద్వారం లోపలి పొరను మెల్లగా గీకి, స్లైడుకు రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే గోడ కట్టిన గుండ్రటి కణాలు కనిపిస్తాయి. కొన్నిటి లోపల, అడ్డంగా కోసిన బత్తాయిలో తొనల్లా, పిల్ల కణాలు సర్దుకుని ఉంటాయి. మూత్రంలోనూ కొన్నిసార్లు దొరుకుతాయి. పెద్దపేగు వాపు అనుకుని స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే ఈ పరీక్ష జరగాలని నా గట్టి అభిప్రాయం. రోగనిరోధక శక్తిని అణిచే మందు ఈ నాచుకు దారి తెరిచిపెడుతుంది.

చికిత్స కష్టం. మామూలు యాంటీబయాటిక్‌లు దీనిమీద పెద్దగా పనిచేయవు. దీని కణపొరలో శిలీంధ్రాల్లో ఉన్నట్టే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది కాబట్టి శిలీంధ్రాలకు వాడే ఆంఫోటెరిసిన్ బి, ఇట్రాకొనజోల్ వాడతారు. అయినా ఒళ్లంతా పాకాక బతికే కుక్కలు తక్కువ.

మనుషులకూ ఇది అరుదుగా సోకుతుంది, ఎక్కువగా చర్మంపై గాయాల ద్వారా. మొదటి మానవ కేసు 1964లో సియెర్రా లియోన్ నుంచి నమోదైంది. ఒక రైతు పాదం మీది పుండు అది. కుక్క నుంచి నేరుగా మనిషికి అంటుకుంటుందని నిర్ధారణ కాలేదు. అయినా నెత్తురు విరేచనాలు శుభ్రం చేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవడం, చేతి మీద గాయముంటే ఆ పని మరొకరికి అప్పగించడం మంచిది.