బాబాయి మడత సైకిలు

చిన్నూ, బుజ్జీ, తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో మీ బాబాయి చేతిలో ఉన్నదాన్ని చూసి "కుట్టుమిషనా తాతయ్యా?" అన్నారు చూడండి, అది సైకిలురా! పేరు బ్రాంప్టన్. ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు 1975లో ఇక్కడే, లండన్‌లో తన ఇంట్లో కూర్చుని దీన్ని మొదలుపెట్టాడు. కిటికీలోంచి బ్రాంప్టన్ ఆరేటరీ అనే చర్చి కనబడేదట, ఆ పేరే సైకిలుకి పెట్టేశాడు.

బాబాయి దానిమీద స్టేషన్‌కి వెళ్లి, మడిచి, రైలెక్కి, దిగాక విప్పి మళ్లీ ఆఫీసుదాకా తొక్కుకుంటూ పోతాడు. ఇక్కడ నేల లోపల బాగా లోతున నడిచే రైళ్లలోకి మామూలు సైకిలు రానివ్వరు, మడిచినదాన్ని మాత్రం ఏమీ అనరు.

మడత ఎలాగంటే, మొదట వెనక చక్రం కడ్డీ కిందికి దూరిపోతుంది, తర్వాత ముందు చక్రం వచ్చి దాని పక్కన చేరుతుంది, హ్యాండిల్ వాలుతుంది, ఆఖరున సీటు కిందికి దించాలి. అసలు తెలివంతా ఆ సీటు దగ్గరే ఉంది, దాని గొట్టం దిగి అడ్డం పడితేనే మడత విడిపోకుండా ఉంటుంది. అది తెలియక నేను సీటు దించకుండానే పట్టుకుని ఎత్తాను, వెనక చక్రం జారి నా కాలిమీద పడింది! మీ నానమ్మ నవ్వు ఇంకా ఆగలేదు. ఇంకో మంచి సంగతి, మడిచాక గొలుసు రెండు చక్రాల మధ్యకి వెళ్లిపోతుంది కాబట్టి ప్యాంటుకి గ్రీజు అంటదు.

చక్రం 16 అంగుళాలే, మరి మన పెద్ద సైకిలంత దూరం పోవాలంటే తెగ తొక్కాలి కదా అంటావేమో చిన్నూ. పెడల్ దగ్గర పళ్లచక్రం పెద్దది పెట్టారు, అందుకని కాలు ఒకసారి తిప్పితే చక్రం చాలాసార్లు తిరుగుతుంది. గుంతల్లో మాత్రం చిన్న చక్రం గట్టిగానే కుదుపుతుంది, వెనక రబ్బరు దిమ్మ ఉన్నా సరే, మన వీధిలో అయితే నడుం పోవడం ఖాయం.

ఫ్రేము గొట్టాలు ఇప్పటికీ చేత్తోనే అతుకుతారు, అతికినవాళ్లు తమ గుర్తు దానిమీద కొడతారు. భూతద్దం పెట్టి వెతికాను, దొరికింది, ఫోటో పంపుతాను.

మాకూ ఒకటి తెమ్మని మాత్రం అడగకండి. లక్ష రూపాయల పైమాట, పైగా పది కిలోల పైచిలుకు బరువు, నానమ్మ పెట్టె ఇప్పటికే నిండిపోయింది.

మీ తాతయ్య