1870కి ముందు అమెరికా బానిసల పేర్లు లేవని ఎవరు చెప్పారండీ?

నేను అట్లాంటా చుట్టుపక్కల టైటిల్ చూసే పని చేస్తాను. మన భాషలో చెప్పాలంటే లింక్ డాక్యుమెంట్లు పట్టుకుని వెనక్కి వెనక్కి వెళ్ళి, గొలుసు ఎక్కడ తెగిందో చెప్పడం. రోజులో సగం కోర్టుహౌస్ రికార్డు గదుల్లోనే, 19వ శతాబ్దపు జార్జియా లాయర్లు రాసిపెట్టిన కాగితాల మధ్యే గడుస్తుంది. వాళ్ళ గురించి అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నాను.

చిన్న అపోహలు ముందు తేల్చేద్దాం. ఆ లాయరనగానే అందరికీ గుర్తొచ్చేవి తెల్ల సూటు, వరండాలో పడక్కుర్చీ, హత్య కేసులో గంటల తరబడి ఉపన్యాసం. ఉపన్యాసాలు ఉండేవి, కాదనను. కానీ ఇల్లు గడిచింది మాత్రం బాకీల వసూళ్ళతో, ప్రామిసరీ నోట్లతో, పొలం హద్దుల తగాదాలతో, పోయినవాళ్ళ ఆస్తి పంపకాలతో. లా కాలేజీ మొహం చూసినవాళ్ళు తక్కువ. ఓ సీనియర్ దగ్గర చేరి, బ్లాక్‌స్టోన్ రాసిన ఇంగ్లీషు చట్టాల పుస్తకం చదివి, కోర్టులో అడిగినవాటికి జవాబు చెప్పి లైసెన్సు తెచ్చుకునేవారు. తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది కాన్ఫెడరసీకి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ అయితే కొద్ది నెలలే చదివి 1834లో లాయరైపోయాడు. ఇక డ్యూయల్స్, అంటే పరువు కోసం ఇద్దరు ఆయుధాలతో తలపడే పోటీలు అంటారా, అవీ నిజమే. కెంటకీలో ఈనాటికీ కొత్త లాయర్లు తాము డ్యూయల్ ఆడలేదని ప్రమాణం చేయాల్సిందే.

పగలు కోర్టులో కొట్టుకున్నవాళ్ళు బయట పగవాళ్ళనుకోకండి. జడ్జి ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి ఇంకో కౌంటీకి కదిలితే, గుర్రాల మీదా బగ్గీల్లోనూ లాయర్లూ కదిలేవారు. అందరికీ ఒకే సత్రం, ఒక్కోసారి ఇద్దరికి ఒకే మంచం. పక్క పక్క కౌంటీల్లో ఉండే స్టీఫెన్స్, ఇంకో లాయరు-రాజకీయ నాయకుడు రాబర్ట్ టూంబ్స్ కోర్టుల్లో తలపడుతూనే జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు. స్టీఫెన్స్ వంద పౌండ్లు (45 కిలోలు) కూడా తూగని బక్కమనిషి, టూంబ్స్ భారీ మనిషి. కోర్టు వారం అంటే ఊరికి జాతర. గుర్రాల బేరాలు, రాజకీయాలు, మందు. నెలలో మొదటి మంగళవారం కోర్టుహౌస్ తలుపు ముందు షెరీఫ్ వేలం జరిగేది: భూములు, పశువులు, మనుషులు. జార్జియాలో అప్పు కట్టని ఇళ్ళ ఫోర్‌క్లోజర్ వేలం ఇప్పటికీ మొదటి మంగళవారమే, కోర్టుహౌస్ దగ్గరే. ఉద్యోగరీత్యా వెళ్తాను గానీ, ఆ పూట నాకు కాఫీ సహించదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. “బానిసల పేర్లు 1870 జనాభా లెక్కలకి ముందు ఎక్కడా దొరకవు” అని నల్లజాతి కుటుంబాలకి ఎవరో ఒకరు చెప్పేస్తారు. బానిసత్వం రద్దయ్యాక జరిగిన మొదటి లెక్కలు అవే మరి. వాళ్ళు అక్కడితో ఆగిపోతారు, లేదా డీఎన్‌ఏ కిట్లకి డబ్బు తగలేస్తారు. సగం నిజం ఉంది కాబట్టే ఈ మాట ఇంతకాలం బతికింది. 1850, 1860 బానిసల పట్టికల్లో యజమాని పేరు, పక్కన వయసు, ఆడో మగో, ఒంటి రంగు రాశారు. మనుషుల పేర్లు దాదాపు ఎక్కడా రాయలేదు. కానీ లాయరు అలా వదిలేస్తే కుదరదు కదా! తాకట్టు పెట్టాలన్నా, బాకీ కింద జప్తు చేయాలన్నా, ముగ్గురు కొడుకులకి పంచాలన్నా ఏ మనిషో తేల్చాలి, అందుకే సాధారణంగా పేరుతో రాసేవారు. మనుషుల్ని ఆస్తిగా లెక్కగట్టినందుకే వాళ్ళ పేర్లు మిగిలాయి.

కాబట్టి మీవాళ్ళ పేరు కోసం కాదు, యజమాని చావు కోసం వెతకండి. విల్లు, ఆస్తి జాబితా, పంపకం, ఎగ్జిక్యూటరు (విల్లు అమలు చేసేవాడు) ఏటేటా దాఖలు చేసిన రిటర్నులు, అంటే ఆస్తి లెక్కలు చూడండి. విల్లులు, వారసత్వాలు చూసే ఇప్పటి ప్రొబేట్ కోర్టులో అడగాలి. యజమాని ఎవరో తెలియకపోతే ఇంటిపేరునే నమ్ముకోవద్దు, అందరూ యజమాని ఇంటిపేరే పెట్టుకోలేదు. 1870 లెక్కల్లో ఇరుగుపొరుగున ఉన్న భూస్వాములెవరో చూడండి. విడుదలైన బానిసల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కూలి ఒప్పందాలు, వాళ్ళ కోసమే పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాలు చూడండి.

“అంతర్యుద్ధంలో ఉత్తరాది జనరల్ షెర్మన్ రికార్డులన్నీ తగలబెట్టేశాడట” అంటారా? 1864 చివర్లో ఆయన సైన్యం నడిచింది అట్లాంటా నుంచి సవానాకి. ఆ దారికి దూరంగా ఉన్న కౌంటీలు బోలెడు. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టుకి వెళ్ళి ఉంటే ఫైలు మారో ఊళ్ళోని జార్జియా ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు. ఆ కోర్టే 1846లో మొదలైంది, అంతకుముందు కేసులకి అక్కడ వెతకొద్దు.

ఓసారి ఒక పెద్దావిడ ఫైలు గుండెకి హత్తుకుని వచ్చింది. వెతకడం దండగని అంతకుముందే ఎవరో చెప్పి పంపారట. వాళ్ళ ముత్తవ్వ పెరిగిన పొలం యజమాని పోయిన ఏడాది ఆమెకి తెలుసు. నా పని పక్కనపెట్టి రిజిస్టరు తీశాను. ఒక గుర్రం, రెండు నాగళ్ళు, ఒక గడియారం, ఆ కింది వరుసలో ఒకావిడ పేరు, “ఆమె బిడ్డ”, ఇద్దరికీ కలిపి ఒకే ధర. ఆవిడ ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. నేనేమో తర్వాతి రిటర్నులు తిప్పుతూ కూర్చున్నాను. రెండేళ్ళ తర్వాతి దాంట్లో బిడ్డకి పేరుంది. ముత్తవ్వ పేరు. ఆవిడ రెండు కాపీలు తీయించుకుంది, ఒకటి వాళ్ళ చెల్లెలికట.