విశ్వనాథ్, బాపు: జాబితా మొత్తం చదివితే నిలవని అపోహలు

నేను ఎడిటర్‌ని. వారానికి రెండు రోజులు సినిమా నేర్చుకునే పిల్లలకి పాఠాలు కూడా చెబుతాను. ప్రతి బ్యాచ్‌కీ ఒకే హోంవర్క్ ఇస్తాను: కె. విశ్వనాథ్, బాపు తీసిన సినిమాలన్నీ సంవత్సరాల వారీగా రాసుకురండి, ఒక్కటి కూడా వదలొద్దు అని. చాలామంది చెరో పది పేర్లు రాసుకొస్తారు. ఆ పదీ టీవీలో మళ్ళీ మళ్ళీ వేసేవే. ఇద్దరి గురించీ మనం నమ్మే తప్పులు ఎక్కువగా ఆ పది పేర్ల జాబితాలోంచే పుట్టాయి.

అపోహ: విశ్వనాథ్ సినిమా పేర్లన్నీ 'స'తోనే మొదలవుతాయి.

ఇది ఇంగ్లిష్ అక్షరం చూసి అనుకునే మాట. తెలుగులో రాసి చూడండి. 'శంకరాభరణం', 'శుభోదయం', 'శుభలేఖ', 'శుభసంకల్పం' అన్నీ 'శ'. అదీ పక్కన పెడదాం. తొలి సినిమా 'ఆత్మగౌరవం'. తర్వాత 'ఉండమ్మా బొట్టు పెడతా', 'నిండు హృదయాలు', 'చెల్లెలి కాపురం', 'ఓ సీత కథ', 'జీవన జ్యోతి' వచ్చాయి. 'సిరిసిరిమువ్వ' వచ్చిన 1976లోనే 'ప్రేమబంధం' ఉంది. 'శంకరాభరణం' వచ్చిన 1980లోనే కృష్ణంరాజుతో 'అల్లుడు పట్టిన భరతం' ఉంది. ఈ రెండో పేరు చదవగానే క్లాసులో ఎవరో ఒకరు "అది ఆయనదా సార్!" అంటారు. ఆయనదే. 'శంకరాభరణం' ఆకాశం నుంచి ఊడిపడలేదు. అప్పటికే పదిహేనేళ్ళుగా కుటుంబ కథలూ స్టార్ సినిమాలూ తీస్తూ చెయ్యి తిరిగిన దర్శకుడి సినిమా అది.

అపోహ: బాపు అంటే రామాయణమే.

సగం నిజం. 'సంపూర్ణ రామాయణం', 'సీతా కల్యాణం', చివరగా 2011లో 'శ్రీరామరాజ్యం'. ఇవి చూసి పౌరాణిక దర్శకుడని ముద్ర వేస్తారు. కానీ ఆయన 1967లో మొదలుపెట్టింది 'సాక్షి'తో. ఓ పిరికివాడు హత్య చూస్తాడు, ధైర్యం చేసి సాక్ష్యం చెబుతాడు, ఆ తర్వాత హంతకుడు తనకోసం వస్తాడని తెలిసి వణుకుతూ బతుకుతాడు. ఊరంతా తలుపులు వేసుకుంటుంది. గోదావరి దగ్గర పులిదిండిలో, సెట్లు లేకుండా తీశారు.

రామాయణం ఆయన పౌరాణికాల్లోనే కాదు, సాంఘికాల్లోనూ ఉంది. అసలు చూడాల్సింది ఇదే. 1975 నాటి 'ముత్యాల ముగ్గు'లో భార్యని అనుమానించడం, గర్భవతిగా ఆమె ఇల్లు విడవడం, కవలలు పుట్టడం, చివరికి ఆ పిల్లలే తల్లిదండ్రుల్ని కలపడం ఉంటాయి. ఉత్తర రామాయణాన్ని పంచె కట్టించి మన మధ్య నిలబెట్టారు. పిల్లవాడు హనుమంతుడితో మాట్లాడతాడు కూడా. అదే కథని 36 ఏళ్ళ తర్వాత 'శ్రీరామరాజ్యం'లో కిరీటాలతో నేరుగా చెప్పారు. రెండూ ఒకే వారంలో చూడమని చెబుతాను. రాముడి కథలో సీత భూమిలోకి వెళ్ళిపోతుంది. మన ఊరి సీతని మాత్రం బాపు, ఆయన రచయిత ముళ్ళపూడి వెంకటరమణ బతికించి ఇంటికి తెచ్చారు. అనుమానించిన మొగుడి దగ్గరికే ఆమె తిరిగి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అయినా కథని అక్కడ మార్చాలనిపించడం వెనకున్న ప్రేమ అర్థమవుతుంది.

అపోహ: విశ్వనాథ్‌ది చెవి, బాపుది కన్ను.

పుట్టుక చూస్తే అలాగే అనిపిస్తుంది. విశ్వనాథ్ మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ రికార్డిస్టుగా మొదలయ్యారు. బాపు పత్రికలకి బొమ్మలు వేస్తూ సినిమాల్లోకి వచ్చారు. స్క్రీన్‌ప్లేని బొమ్మల్లో వేసుకుని షూటింగుకి వెళ్ళేవారు.

కానీ 'సిరివెన్నెల' (1986) చూడండి. హీరో చూపులేని వేణుగాన విద్వాంసుడు. అతన్ని ప్రేమించే అమ్మాయికి మాట రాదు, బొమ్మలు వేస్తుంది. ఆమె వేసిన బొమ్మ అతనికి కనపడదు. మాటతో చెబుదామంటే ఆమెకి నోరు లేదు. ధ్వని తెలిసిన దర్శకుడు ధ్వని చేరలేని చోటుని కథగా ఎంచుకున్నాడు. ఎడిటింగ్ టేబుల్ మీద ఇలాంటి సీన్లు చాలా కష్టం. రియాక్షన్ షాట్ (ఎదుటివాళ్ళ ముఖంలో స్పందన చూపే షాట్) ఎవరి మీద వేసినా రెండోవాళ్ళకి అది అందదు. ప్రేక్షకుడికి మాత్రమే రెండూ తెలుస్తాయి.

ఇటు బాపు సినిమాలో జనం కంఠస్థం చేసింది మాటల్ని. 'ముత్యాల ముగ్గు'లో రావు గోపాలరావు కాంట్రాక్టరు తెల్లారే ఆకాశాన్ని చూసి ఎర్రదనంలో హత్యని ఊహిస్తాడు. రాసింది ముళ్ళపూడి వెంకటరమణ. బొమ్మ వేసే దర్శకుడు అక్కడ బొమ్మని మాటకి వదిలేశాడు. (అదే సినిమాకి ఇషాన్ ఆర్యకి ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు వచ్చింది. కన్ను లేదని కాదు నా మాట.)

అపోహ: ఇద్దరూ పాతకాలపు కట్టుబాట్లని పొగిడినవాళ్ళే.

'సప్తపది' (1981) చూడకుండా ఈ మాట అనకండి. కట్టుబాటే ప్రాణంగా బతికిన బ్రాహ్మణ తాత, తన మనవరాలిని ఆమె ప్రేమించిన దళిత వేణువాద్యగాడి చేతిలో తానే పెట్టి పంపిస్తాడు. 'స్వాతిముత్యం'లో లోకజ్ఞానం లేని మనిషి వితంతువు మెడలో తాళి కడతాడు. విశ్వనాథ్ ఈ మాటలు గుడి మెట్ల మీద నిలబడి చెప్పారు, అందుకే చాలామందికి గుడి కనిపించి మాట వినపడలేదు. బాపు కూడా కన్నడ రచయిత భైరప్ప రాసిన, కట్టుబాట్లని ప్రశ్నించే నవల ఆధారంగా 1980లో 'వంశవృక్షం' తీశారు. అనిల్ కపూర్‌కి హీరోగా తొలి సినిమా అదే.

అపోహ: హిందీ రీమేకులు లెక్కలోకి రావు.

వస్తాయి. విశ్వనాథ్ 'సిరిసిరిమువ్వ'ని 'సర్గమ్'గా, 'స్వాతిముత్యం'ని 'ఈశ్వర్'గా తనే తీశారు. బాపు ఒక తమిళ కథని 'రాధా కల్యాణం'గా తెలుగులో, తర్వాత 'వో సాత్ దిన్'గా హిందీలో తీశారు. ఒకే దర్శకుడు ఒకే కథని రెండుసార్లు తీస్తే ఎక్కడ మనసు మార్చుకున్నాడో అందులో దొరుకుతుంది.

అపోహ: ఇద్దరివీ వేరు వేరు ప్రపంచాలు.

'శంకరాభరణం'లో శంకరశాస్త్రిగా నిలబడ్డ జె.వి. సోమయాజులే మరుసటి ఏడాది బాపు 'త్యాగయ్య'లో త్యాగరాజు. బాపు సినిమాతో ఇంటి పేరుగా 'సాక్షి' వచ్చిన రంగారావు, 'స్వర్ణకమలం'లో విశ్వనాథ్ మనిషి. అన్నిటికన్నా పెద్ద వంతెన సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్, అందరూ పిలిచే 'మామ'. 'సాక్షి', 'ముత్యాల ముగ్గు', 'పెళ్ళిపుస్తకం' ఆయనవే. 'శంకరాభరణం', 'సప్తపది', 'సిరివెన్నెల' ఆయనవే. ముందు సాహిత్యం రాయించుకుని తర్వాత బాణీ కట్టే పద్ధతి మామది. కాబట్టి తేడా బాణీలో కన్నా పాటని సినిమాలో ఎక్కడ పెట్టారన్నదాంట్లో కనిపిస్తుంది.

'శంకరాభరణం' చివరి కచేరీ తీసుకోండి. పాట మధ్యలో శాస్త్రి గొంతు ఆగిపోతుంది. శిష్యుడైన పిల్లవాడు అక్కణ్ణుంచే అందుకుంటాడు. ఆ పాటని కొంచెం కుదిద్దామని చూస్తే కత్తెర పెట్టడానికి చోటు దొరకదు, ఎందుకంటే కథ ముగిసేది ఆ పాటలోనే. 'ముత్యాల ముగ్గు'లో 'ముత్యమంత పసుపు' పాట తీసేసినా కథ తెలుస్తుంది. కానీ తర్వాత ఆ ఇల్లు కూలినప్పుడు ఏం పోయిందో మనకి తెలియదు.