సుమత్రా ఖడ్గమృగాల సంతానోత్పత్తి: అపోహలు - వాస్తవాలు

జూ జంతువుల డాక్టర్‌నని చెప్పగానే, "అంతరించిపోతున్నవాటిని జంటలుగా తెచ్చి పెంచొచ్చు కదా" అంటారు. సుమత్రా ఖడ్గమృగాలు అడవిలో 50 కూడా లేవని అంచనా. వాటి విషయంలో ఈ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

అపోహ: ఆడదాన్ని, మగదాన్ని ఒకచోట ఉంచితే చాలు, పిల్లలు పుడతాయి.

వాస్తవం: 1984-96 మధ్య 40 జంతువులను పట్టుకొచ్చారు. అప్పట్లో జూలో చూలు కట్టి ఈనింది ఒక్కటీ లేదు. ఇవి ఒంటరి జీవులు. ఎదలో లేనప్పుడు కలిపితే కొట్లాటే, గాయాలే. చివరికి అమెరికాలోని సిన్సినాటి జూలో శాస్త్రవేత్త టెర్రీ రాత్ బృందం అల్ట్రాసౌండ్‌లో అసలు కిటుకు పట్టుకుంది: ఈ జాతిలో మగది దాటాకే అండం విడుదలవుతుంది! అంటే అండాశయంలో ఫాలికల్ (అండం పెరిగే సంచి) 20 మిల్లీమీటర్లకు పెరిగేదాకా స్కాన్ చేస్తూ, సరిగ్గా ఆ రోజే గేటు తీయాలి. అయినా 'ఎమి' అనే ఆడదానికి ఐదుసార్లు చూలు పోయింది. ఆరోసారి చూలు నిలిపే హార్మోన్ ప్రొజెస్టెరాన్ ఇస్తూ కాపాడితే 2001 సెప్టెంబర్ 13న 'అందలాస్' పుట్టాడు. అంతకుముందు ఇలా జూలోనే చూలు కట్టి పుట్టింది 1889లో, మన కోల్‌కతాలో.

అపోహ: ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు చూసుకోవచ్చు.

వాస్తవం: మాకు అసలు టెన్షన్ ఇక్కడే. చూలు లేకుండా ఏళ్లు గడిచిన ఆడవాటికి గర్భాశయంలో గడ్డలు, సిస్టులు (నీటి తిత్తులు) వస్తాయి. మెల్లగా గొడ్డుపోతాయి. అడవిలో తోడు దొరకని ఆడదానికీ అదే గతి. మలేసియాలో చివరిదైన 'ఇమాన్' గర్భాశయం నిండా గడ్డలే. 2019 నవంబర్‌లో అదీ పోయింది. ఇంకొన్నాళ్లు చూద్దామనే కమిటీలంటే నాకు అందుకే చిరాకు.

అపోహ: ఖడ్గమృగమే కదా, ఎండుగడ్డి వేస్తే బతికేస్తుంది.

వాస్తవం: గడ్డి మేసేది ఆఫ్రికా తెల్ల ఖడ్గమృగం. ఇది ఆకు మేసే జంతువు. అమెరికాకు తెచ్చిన ఏడింటిలో కొన్నేళ్లకే మూడు మిగిలాయి. సిన్సినాటిలో చావుకు దగ్గరైన 'ఇపు' ఫైకస్ ఆకులు, అంటే మన మర్రి, రావి కుటుంబానివి, పెట్టాకే కోలుకుంది. ఒంట్లో ఇనుము పేరుకుపోవడం మరో ముప్పు. ఎమి కూతురు 'సుచి' 2014లో దానివల్లే చనిపోయింది.

అపోహ: ఇప్పుడు పిల్లలు పుడుతున్నాయిగా, గండం గడిచినట్టే.

వాస్తవం: ఇండోనేసియాలోని వే కంబాస్ ఖడ్గమృగాల సంరక్షణ కేంద్రంలో 2012 నుంచి పిల్లలు పుడుతున్న మాట నిజమే. 2023లో రెండు పుట్టాయి కూడా. కానీ నవంబర్‌లో పుట్టినదాని తల్లి 'దెలిలా' అందలాస్ కూతురు, తండ్రి 'హరపన్' అందలాస్ సొంత తమ్ముడు. అంటే బాబాయితో జత కట్టించాల్సి వచ్చింది. మేనరికాలు చూసిన మనకే ఇది మింగుడుపడదు! జతకు మగవి అంత తక్కువ. కొత్త రక్తం కావాలంటే అడవిలో చెదిరిపోయి మిగిలినవాటిని ఈనే వయసు దాటకముందే పట్టాలి.