తామరాకు మీద చుక్క, సిమెంటు మెట్టు మీద చుక్క

విజయవాడ మొగల్రాజపురంలో మా ఇంటి ముందు మూడు సిమెంటు మెట్లున్నాయి. ఈ మధ్య ఒక ఉదయం, ఎండ ఇంకా వాటి మీదికి రాకముందే, ఒక్కో మెట్టు మీద చెంచాడు నీళ్లు పోసి గడియారం చూస్తూ కూర్చున్నాను. పక్కింటి పిన్నిగారు గేటు దగ్గర ఆగి, "కళ్లాపి చల్లి ముగ్గేయకుండా కూర్చున్నావేమిటమ్మా?" అన్నారు. పై రెండు మెట్ల మీద నీళ్లు రెండు నిమిషాల్లో ఇంకిపోయి, నల్లటి మరకలు మిగిలాయి. కింది మెట్టు మీద మాత్రం నీళ్లు ముత్యాల్లా విడివిడిగా నిలబడ్డాయి. వేలితో తోస్తే దొర్లాయి. మూడు మెట్లూ ఒకే రోజు, ఒకే మాలుతో పోసినవే. తేడా అల్లా కింది మెట్టుకు నేను కుంచెతో పూసిన, నీటిని తిప్పికొట్టే సిలేన్ అనే రసాయనం.

ఈ తతంగానికి కారణం మా తమ్ముడు. అమెరికాలోని డెన్వర్‌లో ఉంటాడు. సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున, రాకీ పర్వతాల అంచున ఉన్న ఊరు అది. "అక్కా, కారు నిలిపే చోట కాంక్రీటు పొట్టు లేస్తోంది. ఇల్లు కట్టి పట్టుమని ఐదేళ్లు కాలేదు. నీరు ఇంకకుండా సీలర్ అనే పూత కొట్టించమంటున్నారు. కొట్టుకెళితే ఇరవై రకాలున్నాయి" అని ఫోను చేశాడు. ముప్పై ఏళ్లు సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైన అక్క ఉంటే తమ్ముళ్లకు ఇలాంటి సౌకర్యాలుంటాయి.

కాంక్రీటును మనం రాయి అనుకుంటాం. నిజానికి అది కొత్త కుండకు దగ్గరి చుట్టం. సిమెంటు పూర్తిగా గట్టిపడడానికి దాని బరువులో సుమారు 40 శాతం నీరు చాలు. అంటే 50 కిలోల బస్తాకు 20 లీటర్లు. కానీ మాలు జారుగా ఉంటే పని సులువు కనుక ఇంకో బకెట్టు పడుతుంది. ఆ ఎక్కువ నీటికి లోపల పనేమీ లేదు. మెల్లగా ఆరిపోతూ, తాను నడిచిన దారులను సన్నటి సొరంగాలుగా వదిలిపోతుంది. తర్వాత వాన పడ్డప్పుడు నీరు ఆ దారుల్లోనే తిరిగి వస్తుంది. పైనుంచి కారడమే కాదు, పక్కలకూ పైకీ పాకుతుంది. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసార్థం గల నాళంలో నీరు లెక్క ప్రకారం 14 మీటర్లకు పైగా ఎగబాకగలదు. గోడ అడుగున మొదలైన చెమ్మ కిటికీ దాకా ఎలా వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంకిన నీరు ఊరికే ఉంటే తంటా లేదు. కొండల్లో అది గడ్డకడుతుంది. నీరు మంచు అయినప్పుడు పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నిండుగా నీళ్లు పట్టిన గాజు సీసాను ఫ్రీజరులో మరిచిపోయినవారికి దీని సంగతి తెలుసు. అదే సీసాను కొంచెం వెలితిగా నింపితే పగలదు. కాంక్రీటు రంధ్రాల లెక్కా అంతే. అవి 91 శాతం దాకా నిండినా పెరిగే మంచుకు చోటు మిగులుతుంది, అంతకు మించితే గోడల మీద ఒత్తిడి పడుతుంది. గడ్డకట్టే మంచు మిగిలిన నీటిని సందుల్లోంచి బలంగా నెట్టడం వల్ల కూడా కాంక్రీటు పగులుతుందని టి.సి.పవర్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1945లో వివరించాడు. తర్వాతి పరిశోధన దానికి మార్పులు చేర్చింది కానీ, తడి ఎక్కువైతేనే ముప్పు అన్న మాట నిలిచింది.

అందుకే కాంక్రీటుకు శత్రువు చలి కాదు, చలీ ఎండా దోబూచులాడడం. ఎప్పుడూ గడ్డకట్టుకునే ఉండే చోట కాంక్రీటు హాయిగా బతుకుతుంది. డెన్వర్‌లో జనవరి నెలలో పగలు సగటున 7, 8 డిగ్రీల వేడి, రాత్రికి సున్నా కింద 7, 8 డిగ్రీలు. పగటి ఎండకు మంచు కరిగి లోపలికి ఇంకుతుంది, రాత్రికి గడ్డకడుతుంది, మర్నాడు మళ్లీ కరుగుతుంది. కరిగిన ప్రతిసారీ ఇంకాస్త నీరు చేరుతుంది. ఒక చలికాలంలో ఇలా పదుల సార్లు జరిగితే పై పొర పెచ్చులుగా లేవదా?

దీనికి అసలైన మందు మాలు కలిపేటప్పుడే వేయాలి. అమెరికాలో 1930ల్లో కొన్ని రోడ్లు మిగతావాటికన్నా మంచును బాగా తట్టుకుంటున్నాయని గమనించారు. ఆరా తీస్తే, ఆ సిమెంటును నూరేటప్పుడు మరలో వాడిన కొవ్వులాంటి పదార్థం కాంక్రీటులో కంటికి కనబడనంత చిన్న గాలి బుడగలు పుట్టించిందని తేలింది. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి క్యూలో తోపులాట మొదలైనప్పుడు పక్కన కాస్త ఖాళీ జాగా ఉంటే ఊపిరాడుతుంది కదా, ఆ బుడగల పనీ అదే. ఏ చోటునుంచైనా 0.2 మిల్లీమీటర్ల లోపు ఒక బుడగ అందుబాటులో ఉంటే, తరుముకొచ్చే నీటికి తలదాచుకునే చోటు దొరుకుతుంది. ఒక్కో శాతం గాలికి 5 శాతం వరకు బలం తగ్గుతుంది, అయినా చలి దేశాలు ఆ బేరానికి సంతోషంగా ఒప్పుకుంటాయి. మా వాడి కాంక్రీటులో ఆ బుడగలు సరిగా ఉన్నాయో లేవో ఇప్పుడు తవ్వి చూడలేం. ఉన్నదాన్ని పొడిగా ఉంచుకోవడం ఒక్కటే చేతిలో ఉన్న పని.

పైగా ఉప్పు ఒకటి. రోడ్డు మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు చక్రాలకు అంటుకుని వచ్చి, కారు నిలిపిన చోట బురద మంచుగా కారుతుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, గడ్డకట్టే తీరును మారుస్తుంది. పై పొర పొట్టుగా లేచే జబ్బు చిక్కటి ఉప్పునీటికన్నా 3 శాతం దగ్గరి పలుచని ఉప్పునీటితోనే ఎక్కువ. మా వాణ్ని అడిగితే, సరిగ్గా చక్రాల కిందే పొట్టు లేచిందన్నాడు.

ఇక ఆ ఇరవై డబ్బాల సంగతి. పేర్లెన్ని ఉన్నా ముఖ్యమైన జాతులు రెండే. ఒకటి మూత జాతి: యాక్రిలిక్, ఎపాక్సీ వంటివి పైన పొరగా పరుచుకుంటాయి. నిగనిగలాడతాయి, కొట్టువాడికి అమ్మడం సులువు. కానీ ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది. కొండల మీద అతినీలలోహిత కిరణాల తాకిడి ప్రతి 1,000 మీటర్లకు సుమారు 10 శాతం పెరుగుతుంది కనుక అక్కడ ఇంకా త్వరగా. యాక్రిలిక్ కొంత నయమే కానీ మంచు ఎత్తే పార గీతలకు ఓర్వదు, తడిస్తే కాలు జారుతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, కింది నేలనుంచి పైకి వచ్చే ఆవిరిని ఆ పొర బంధిస్తుంది. బంధించిన తేమ పొర కిందే గడ్డకట్టి దాన్నే లేపేస్తుంది. చెమట పట్టే ఒంటికి ప్లాస్టిక్ చొక్కా తొడిగినట్టు.

రెండోది తామరాకు జాతి: సిలేన్, సిలోక్సేన్. ఇవి రంధ్రాలను పూడ్చవు. చిన్న అణువులు కొన్ని మిల్లీమీటర్ల లోతుకు ఇంకి, ఒక కొసతో రంధ్రం గోడను గట్టిగా పట్టుకుంటాయి. రెండో కొస నీళ్లంటే గిట్టని నూనె తోక. దాంతో 14 మీటర్లు ఎగబాకించిన శక్తే తిరగబడి, నీటిని లోపలికి లాగే బదులు బయటికి నెడుతుంది. దారి తెరిచే ఉంటుంది కనుక ఆవిరి మాత్రం వెళ్లిపోతుంది. పైకి ఏమీ పూసినట్టు కనబడదు, చాలామందికి నచ్చనిది అదే. డబ్బు పెట్టినందుకు మెరవాలి కదా! సిలికేట్లు అని ఇంకో రకం ఉంది, నేలను గట్టిపరుస్తుంది కానీ నీటిని తిప్పికొట్టదు. కొట్టులో రెంటినీ ఒకే అరలో పెడతారు, చూసుకోవాలి.

తమ్ముడికి సిలేన్ చెప్పాను. ముందు ఉప్పంతా కడిగి, ఒకట్రెండు రోజులు బాగా ఆరనిచ్చి, ఎండ నేరుగా పడని వేళ, తాగినంత తాగనిచ్చి పూయమన్నాను. కొత్త కాంక్రీటయితే 28 రోజులు ఆగాల్సి వచ్చేది. ఉప్పు బదులు ఇసుక చల్లుకోమన్నాను. ఎరువుల దుకాణంలో దొరికే అమ్మోనియం నైట్రేటు మంచు కరిగిస్తుంది కదా అని చల్లే తెలివైనవాళ్లుంటారు. అది సిమెంటునే తినేస్తుంది.

మరి మంచు కురవని విజయవాడలో ఇదంతా ఎందుకు? మన భవనాల ప్రమాణ పత్రం ఐఎస్ 456 (2000) తెరిస్తే, జోరువానకు గురయ్యే కాంక్రీటు, తడిసి ఆరుతూ ఉండే కాంక్రీటు, తడిగా ఉండగా అప్పుడప్పుడు గడ్డకట్టే కాంక్రీటు ఒకే వరుసలో, తీవ్రమైన పరిస్థితుల కింద కనబడతాయి. ఇనుప చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని ఆ వరుస చెబుతుంది. మన పిట్టగోడల్లో, సన్‌షేడ్లలో అందులో సగముంటే గొప్ప. ఇక్కడ నీరు చేసే పని వేరు: గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటు క్షారాన్ని మెల్లగా తగ్గిస్తుంది, చువ్వకు ఆ క్షారమే కవచం. కవచం పోయాక తడి తగిలితే తుప్పు. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అక్కడ మంచు చేసే పనిని ఇక్కడ తుప్పు చేస్తుంది, పెచ్చులు రెండు చోట్లా ఒకేలా ఊడతాయి.

ఇది విని మా మేస్త్రి గారు, "అయితే డాబాకి కూడా ఆ మందే కొట్టేద్దామమ్మా" అన్నారు. కుదరదు. సిలేన్, పడి జారిపోయే వానను ఆపుతుంది కానీ, నిలిచిన నీటి బరువును ఎల్లకాలం ఆపలేదు, బీటలనసలు మూయలేదు. పది మీటర్ల శ్లాబు మే నెల ఎండకు 30 డిగ్రీలు వేడెక్కితే 3 మిల్లీమీటర్లు సాగుతుంది. ఏ పూతైనా బీట దగ్గర ఆ సాగుడుకు తట్టుకోవాలి. మా డాబా ఈశాన్య మూలలో వాన వెలిశాక రెండు రోజులు నీళ్లు నిలుస్తాయి, కాకులు స్నానాలు చేస్తాయి. అక్కడ కావలసింది డబ్బా కాదు, వాలు.

తమ్ముడు నిన్న ఫొటో పంపాడు. కారు చక్రాల పక్కన, బూడిదరంగు నేల మీద నీటి ముత్యాలు. మేస్త్రి గారు వాలు సరిచేయడానికి వచ్చే సోమవారం వస్తానన్నారు. ఇది మూడో సోమవారం.