అపోహలు – వాస్తవాలు: స్కీములో లేని మందే అసలు మందా?

ఏ వైద్యానికి ప్రభుత్వం డబ్బు పెడితే ఎంత ఫలితం దక్కుతుందో లెక్కకట్టడం నా ఉద్యోగం. ఉండేది చెన్నైలో. అందుకని నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి వచ్చే చుట్టాలకీ, చుట్టాల చుట్టాలకీ నేనొక ఎంక్వైరీ కౌంటర్‌ని. మధ్యాహ్నం పినాకినిలో వచ్చి సెంట్రల్‌లో దిగుతారు, సాయంత్రానికి ఫోన్ చేస్తారు. నేను డాక్టర్ని కాదు, ఫలానా మందు వాడండని చెప్పే అర్హత నాకు లేదు అని ముందే చెప్పేస్తాను. అయినా అడిగేది అడుగుతూనే ఉంటారు, అదీ దాదాపు ఒకటే ప్రశ్న. దాని గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ లాంటి ప్రభుత్వ స్కీములో ఉచితంగా ఇచ్చేది కంటితుడుపు మందు. అసలు మందు ఖరీదైంది కాబట్టి ప్రభుత్వం ఇవ్వదు, మనమే కొనుక్కోవాలి.

ఈ ఒక్క నమ్మకం మింగిన పొలాలు నేను చూసినవే చాలా ఉన్నాయి.

కావలి నుంచి మా పిన్ని కొడుకు వాళ్ల మామగారిని తీసుకొచ్చాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్, అప్పటికే పాకింది. స్కీము కింద కీమో ఇస్తామన్నారు. ఇంకో దారి కూడా ఉందన్నారు: మూడు వారాలకోసారి కొత్త ఇంజెక్షన్, దానికి మాత్రం సొంత డబ్బు. వరండాలో పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎవరో "ఉచితంగా ఇచ్చేదాంట్లో పవర్ ఉండదు" అని ఒక రాయి వేశాడట. ఇక వీడికి నిద్ర లేదు. "రెండెకరాల మాగాణి ఉంది గదక్కా, మనిషి కంటే ఎక్కువా?" అన్నాడు.

మనిషి కంటే మాగాణి ఎక్కువ కాదు. ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లెవరూ ఉండరు, నేనూ చెప్పలేదు. కానీ అక్కడ తేల్చుకోవాల్సింది మనిషా, మాగాణా అని కాదు. కీమో ఎలాగూ దొరుకుతోంది. దాని మీద ఈ ఇంజెక్షన్ అదనంగా ఏమిస్తుంది, ఆ అదనానికి అదనంగా ఎంత కట్టాలి? మా వృత్తి మొత్తం ఈ రెండు "అదనం"ల చుట్టూనే తిరుగుతుంది. మందు రేటు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. మందు పనిచేస్తుందా లేదా అన్నది ఒక్కటే చూసినా తెలియదు.

ఊరికే లెక్క కోసం అంకెలు వేసుకుందాం. పాత మందుకి లక్ష అవుతుంది, మనిషి రెండేళ్లు బతుకుతాడు. కొత్తదానికి ఏడు లక్షలు, రెండేళ్ల మూడు నెలలు బతుకుతాడు. నిండు ఆరోగ్యంతో బతికిన ఒక ఏడాదిని మేం ఒక క్వాలీ అంటాం. రెండింట్లోనూ ఆరోగ్యం నిండుగా ఉండదు కాబట్టి ఏడాదిని 0.6 కింద లెక్కిద్దాం. పాతదానికి 1.2 క్వాలీలు, కొత్తదానికి 1.35. తేడా 0.15. దానికోసం పెట్టిన అదనం ఆరు లక్షలు. అంటే ఒక క్వాలీకి నలభై లక్షలు. మందు పనిచెయ్యట్లేదా అంటే చేస్తోంది, మూడు నెలలు నిజం. కానీ వరండాలో విన్నవాడికి "ఏడు లక్షల మందు" అంటే లక్ష మందు కన్నా ఏడు రెట్లు బతికిస్తుందన్న లెక్క మనసులో పడిపోతుంది. దాన్ని పోగొట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. మంచం మీద ఉన్నది సొంతమనిషైనప్పుడు కూడికలు, తీసివేతలు ఎవరికీ రావు.

మా వాడికి చెప్పింది ఇదే: డాక్టరుగారిని నాలుగు మాటలు అడుగు. ఇది దేనితో పోల్చి మెరుగు? సగటున ఎన్ని నెలలు, అవి ఆయుష్షు నెలలా, గడ్డ పెరగకుండా ఆగిన నెలలా? మామగారి వయసు, ఆయన టెస్టు రిపోర్టులు ఉన్నవాళ్లలో వచ్చిన ఫలితమేనా అది? మొత్తం కోర్సుకి ఎంత అవుతుంది, మధ్యలో డబ్బు అయిపోయి ఆపేస్తే ఏమవుతుంది? రెండో ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. గడ్డ మూడు నెలలు పెరగకుండా ఆగినంత మాత్రాన మనిషి మూడు నెలలు ఎక్కువ బతుకుతాడని లేదు. పేపర్లలో, కరపత్రాల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, పైపైన చదివితే ఒకటే అనిపిస్తాయి.

ఆ డాక్టరు విసుక్కోలేదు. ఈ ఇంజెక్షన్ పనిచేసే అవకాశం ఎంతో చూపే టెస్టులో ఈయనకి వచ్చిన శాతం తక్కువ, కాబట్టి అంతగా ఆశ పెట్టుకోవద్దు, కావాలంటే ఇస్తాను అన్నాడట. అయినా వీళ్లు అప్పు తెచ్చి రెండు డోసులు వేయించారు. మూడోదానికి డబ్బు సర్దలేక మళ్లీ స్కీము కీమోకే వచ్చారు. వాళ్లని నేను తప్పుపట్టను. చెప్పదలచుకున్నది వేరు. మేం చూసే అధ్యయనాల్లోని లాభం, డబ్బు ఆటంకం లేకుండా కోర్సు ప్రకారం మందు ఇచ్చినప్పటి సగటు. రెండు డోసులు వేసుకుంటే అందులో వాటా ప్రకారం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అప్పు మాత్రం పూర్తిగానే మిగులుతుంది.

ఇంకోవైపు కూడా చెప్పాలి. స్కీములో లేదంటే లెక్కలో ఓడిపోయిందనీ కాదు. కేంద్రంలో ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా అన్న ఈ మదింపుల కోసం హెచ్‌టీఏఇన్ అనే వ్యవస్థ మొదలైంది 2017లో. అది సలహా మాత్రమే ఇస్తుంది. మన దేశంలో అసలు మదింపే జరగని వైద్యాలు కొల్లలు. కొన్ని కేవలం రేటు దగ్గర ఆగిపోతాయి. రొమ్ము క్యాన్సర్‌లో వాడే ట్రాస్టుజుమాబ్ అనే మందు మీద మన ఖర్చులతో చేసిన అధ్యయనం ఒకటి 2020లో అచ్చయింది. ఏడాది కోర్సు అప్పటి ధరకి గిట్టదు, ధర తగ్గితే గిట్టుతుంది అని తేల్చింది. మందు అదే, రోగం అదే, రేటు మారితే లెక్క తిరగబడుతుంది. కాబట్టి "స్కీములో లేదు" అన్న మాట విని మందు గొప్పదనీ అనుకోవద్దు, పనికిరానిదనీ అనుకోవద్దు. దాన్నిబట్టి తెలిసేది ఒకటే, దానికి స్కీము డబ్బు కట్టదని.

అపోహ: ఇదంతా ఖర్చు తగ్గించుకోవడానికి ప్రభుత్వం ఆడే నాటకం.

నిజానికి మా లెక్కల వల్ల ఖర్చు పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2019లో ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలను సవరించినప్పుడు ఆస్పత్రుల్లో తీసిన అసలు ఖర్చుల అధ్యయనాన్ని కూడా చూశారు. కొన్నింటి రేట్లు పెరిగాయి. ఆ అసలు ఖర్చు తీయడం ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని అనుకుంటారు. వార్డులో నర్సు వెనకే తిరుగుతూ ఒక డ్రెస్సింగుకి ఎన్ని నిమిషాలు, ఎన్ని జతల గ్లవ్స్, ఎంత గాజ్ గుడ్డ అని రాసుకోవాలి. స్టోర్‌లో ఇండెంట్ పుస్తకం తిప్పి సెలైన్ సీసా ఏ రేటుకి కొన్నారో చూడాలి. కరెంటు బిల్లు ఆస్పత్రి మొత్తానికి ఒకటే వస్తుంది కాబట్టి టేపు పట్టుకుని వార్డు కొలిచి చదరపు అడుగుల లెక్కన పంచాలి. ఇది చూసి సెక్యూరిటీ ఆయన ఒకసారి నన్ను ఇంటీరియర్ కాంట్రాక్టరు మనిషిననుకున్నాడు.

మందులకి పెట్టిన డబ్బుకి ప్రతిఫలం దక్కిన ఉదాహరణ కావాలంటే చెన్నైలోనే ఉంది. మామూలు మందులకి లొంగని మొండి టీబీకి బీపామ్ అని నాలుగు మందుల కోర్సు: బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మోక్సిఫ్లోక్సాసిన్. పాత పద్ధతిలో ఇరవై నెలల దాకా సాగే వైద్యం ఇందులో ఆరు నెలలకి దిగింది. 2024 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ దీన్ని ఆమోదించినప్పుడు, ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా అన్న మదింపు చేయించాకే ఆమోదించింది. ఈ కోవకి చెందిన ఆరు నెలల కోర్సుల మీద చేట్‌పట్‌లోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ కూడా లెక్కలు కట్టింది. మోక్సిఫ్లోక్సాసిన్ లేని మూడు మందుల కోర్సు పాతదానికంటే ఎక్కువ ఆరోగ్యాన్నిచ్చి, ఖర్చు కూడా తగ్గిస్తుందని తేలింది. కొత్త మందు కొనడమే ఆదా అయింది. నాటకమంటే ఇలాంటి నాటకాలు ఇంకొన్ని ఆడాలి.

అపోహ: మీరు ప్రాణానికి రేటు కడతారు. ఇంత దాటితే చావమంటారు.

ఉగాది భోజనాల దగ్గర నా ఉద్యోగం ఏంటని అడిగినవాళ్లు వెంటనే అనే మాట ఇది. గీత ఉన్న మాట నిజమే. మన మదింపుల్లో సాధారణంగా ఒక క్వాలీకి తలసరి జీడీపీ అంత, అంటే రెండు లక్షల పైచిలుకు రూపాయలు, కొలబద్దగా తీసుకుంటారు. ఇంగ్లండులో చాలా ఏళ్లపాటు ఇరవై నుంచి ముప్పై వేల పౌండ్లు. థాయ్‌లాండ్‌లో లక్షా అరవై వేల బాత్‌లు. కానీ అది మనిషి ధర కాదు. స్కీము సంచిలో ఉన్నది ఇంతే, ఒకరికి తీసి ఇస్తే ఇంకెవరికో తగ్గుతుంది. ఆ ఇంకెవరో మనకి కనపడరు, ఫోన్ చెయ్యరు, కాబట్టి వాళ్ల తరఫున గీత గీస్తారు. జీడీపీ గీతని కళ్లు మూసుకుని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులే 2016లో రాశారు.

గీత దాటినా డబ్బిచ్చిన దేశం ఉంది. కిడ్నీ డయాలసిస్ ఆ కొలబద్దకి సరిపోదని థాయ్‌లాండ్ లెక్కలు చెప్పాయి. అయినా 2008లో అక్కడి ప్రభుత్వం ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ ముందు అన్న విధానంతో అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది. కుటుంబాలు దివాలా తీస్తున్నాయన్నది అందుకు ఒక పెద్ద కారణం.

ఆ కారణం మా లెక్కల్లో సరిగా పట్టదు, అది ఒప్పుకోవాల్సిందే. క్వాలీ కోసం మేం అడిగే ఐదు ప్రశ్నలు నడక, సొంతపనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన గురించి. గూడూరు నుంచి వచ్చిన ఒకావిడకి తెలుగులో చదివి వినిపిస్తూ టిక్కులు పెడుతున్నాను. నాలుగోదాకా ఓపిగ్గా చెప్పింది. ఐదోది అడగ్గానే, "జబ్బు టెన్షన్ ఒక గడిలో పెట్టావు సరే, బిల్లు టెన్షన్ ఏ గడిలో రాస్తావమ్మా?" అంది. దానికి ప్రత్యేకంగా గడి లేదు. అందుకే లెక్క ఒక్కటే నిర్ణయం కాకూడదు, బల్ల చుట్టూ మనుషులు కూర్చోవాలి అని నేను నమ్ముతాను.

అపోహ: డెబ్బై దాటినవాళ్లకి ఇక స్కీము డబ్బు ఆపేస్తారు.

వాట్సాప్‌లో ఇది ఎవరు పుట్టించారో గానీ వాళ్లకి పనిలేదు. 2024 అక్టోబరు నుంచి డెబ్బై నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ వర్తిస్తోంది. క్వాలీ పద్ధతిలో వృద్ధులకీ, వికలాంగులకీ అన్యాయం జరుగుతుందన్న విమర్శ వేరే సంగతి. అందులో బలముంది. అమెరికాలో 2010 చట్టం కొన్ని నిర్ణయాల్లో క్వాలీ కొలబద్దని వాడొద్దని నిషేధించింది కూడా. ఆ చర్చ జరగాలి. ఫార్వర్డు మెసేజీలతో కాదు.

మిగతావి రెండు ముక్కల్లో. ప్రభుత్వ మందులు ఉత్త సున్నం బిళ్లలు అంటారు: తమిళనాడులో 1995 నుంచి మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ టోకున కొంటుంది, బ్యాచీల నమూనాలు ల్యాబుకి వెళ్లి పాసయ్యాకే ఆస్పత్రికి చేరతాయి. లండన్‌లో గిట్టుబాటని తేలితే ఇక్కడా గిట్టుబాటే అంటారు: అక్కడి నర్సు జీతం, అక్కడి మంచం ఖర్చు, అక్కడి పాత మందు వేరు, కాబట్టి కాదు. కంపెనీ డబ్బిచ్చి చేయించిన అధ్యయనాలు కంపెనీవైపు మొగ్గుతాయి అంటారు: ఇది అపోహ కాదు, చాలాసార్లు నిజమే, డబ్బెవరిచ్చారో చివరి పేజీలో చూసి చదవండి.

ఆంధ్రా కార్డు చెన్నైలో చెల్లదు అన్నదీ సగమే నిజం. 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లోని కొన్ని ఆస్పత్రులకి, కొన్ని జబ్బులకి పొడిగించారు. పేర్లు, జాబితాలు మారుతూ ఉంటాయి కాబట్టి రైలెక్కకముందే మీ ఊళ్లో ఈ స్కీము వర్తించే నెట్‌వర్క్ ఆస్పత్రిలో, స్కీము హెల్ప్‌డెస్కు దగ్గర అడగండి. ఇక్కడికొచ్చాక ఖర్చు సంగతి అడిగితే డాక్టరు చిన్నచూపు చూస్తాడేమో అని మొహమాటపడకండి. నేను చూసినంతలో చాలామంది డాక్టర్లు ఆ ప్రశ్న పేషెంటు వైపు నుంచి వస్తే బావుండునని ఎదురుచూస్తుంటారు. ఆ నాలుగు ప్రశ్నలూ చీటీ మీద రాసుకెళ్లండి, జవాబులు అదే చీటీ మీద రాయించుకోండి. రాత్రికి ఊళ్లో పెద్దవాళ్లు ఫోన్ చేసి "ఏమన్నారు?" అని అడిగినప్పుడు చదివి వినిపించొచ్చు.